హ్యాండిక్యాప్ 22 నుంచి 9కి: ఒక్క ఏడాదిలో సాధ్యమేనా?

గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చూపే సంఖ్య, ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు) తగ్గించుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో మూడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఆరేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. వారానికి ఒక రౌండు ఆడతాను, వీలైతే మరో రోజు ప్రాక్టీసు చేస్తాను. ప్రస్తుతం నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ 22.1. మా కోర్సు పార్ (నిపుణుడికి పట్టాల్సిన స్ట్రోకుల లెక్క) 72, కోర్స్ రేటింగ్ (హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాడి అంచనా స్కోరు) 71.5, స్లోప్ రేటింగ్ (సాధారణ ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చూపే సంఖ్య) 125. ఇండెక్సుకు లెక్కలోకి వచ్చే నా మంచి రౌండ్లు దాదాపు అన్నీ 96 దగ్గరే ఉంటున్నాయి. ఒక్కోదానిలో మూడు పార్‌లు, ఎనిమిది బోగీలు (హోలు పార్ కంటే ఒక స్ట్రోక్ ఎక్కువ), ఐదు డబుల్ బోగీలు (రెండు ఎక్కువ), రెండు ట్రిపుల్ బోగీలు (మూడు ఎక్కువ) ఉండటం మామూలు. వచ్చే ఏడాది ఇదే సమయానికి 9కి దిగాలని పట్టుదలగా ఉన్నాను. కొత్త డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) కొనాలా, కోచ్ దగ్గర చేరాలా, రోజూ రేంజ్‌లో (ప్రాక్టీసు మైదానంలో) మూడు వందల బంతులు కొట్టాలా? అసలు ఇది అయ్యే పనేనా?

జవాబు: మీరు కార్డు వివరాలు కూడా రాయడం వల్ల ఊహల మీద ఆధారపడకుండా లెక్క వేసి చెప్పే వీలు కలిగింది. ఏడాదిలో 9 అనే గడువును నేను సమర్థించలేను. ఏడాదిలో 14 మాత్రం మీకు అందుబాటులోనే ఉంది, పైగా దానికోసం ఇప్పుడు మీ చేతిలో లేని షాట్ ఒక్కటి కూడా కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

లెక్క ఇలా ఉంటుంది. 2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానం ప్రకారం, మీ స్కోరులోంచి కోర్స్ రేటింగ్‌ను తీసివేసి, మిగిలినదాన్ని 113తో గుణించి, స్లోప్ రేటింగ్‌తో భాగిస్తే ఆ రౌండు డిఫరెన్షియల్ వస్తుంది. చివరి 20 రౌండ్లలో అతి తక్కువగా ఉన్న 8 డిఫరెన్షియళ్ల సగటే మీ ఇండెక్స్. అంటే అది మీ రోజువారీ ఆటకు కొలమానం కాదు, మీ మంచి రోజులకు కొలమానం. 96 స్కోరుకు డిఫరెన్షియల్ 22.1 అవుతుంది. 9 దగ్గరికి రావాలంటే అదే కోర్సులో మీ మంచి రౌండ్లు 81, 82 దగ్గర ఉండాలి. ఇండెక్సులో తేడా 13గా కనిపించినా, మీ కోర్సు స్లోప్ ప్రామాణికమైన 113 కంటే ఎక్కువ కాబట్టి కార్డు మీద తగ్గించుకోవాల్సినవి దాదాపు 15 స్ట్రోకులు. పద్దెనిమిది హోల్స్‌లో పదిహేను స్ట్రోకులంటే ఇంచుమించు హోలుకొకటి.

ఆ పదిహేనూ ఒక రకానివి కావు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ కార్డులో ఉన్న ఐదు డబుల్ బోగీలు, రెండు ట్రిపుల్ బోగీలు అన్నీ బోగీలుగా మారాయనుకోండి. తొమ్మిది స్ట్రోకులు తగ్గి స్కోరు 87 అవుతుంది, డిఫరెన్షియల్ సరిగ్గా 14.0కి వస్తుంది. పార్‌ల సంఖ్య మూడు నుంచి నాలుగుకు కూడా పెరగలేదని గమనించండి. అక్కడి నుంచి 9 దాకా దిగాలంటే మాత్రం ఆరు బోగీలను పార్‌లుగా మార్చాలి. తొమ్మిది పార్‌లు, తొమ్మిది బోగీలతో 81 కొడితే డిఫరెన్షియల్ 8.6 వస్తుంది. మొదటి తొమ్మిది స్ట్రోకులు విచక్షణతో తగ్గేవి, తర్వాతి ఆరు నైపుణ్యంతో తగ్గేవి. మొదటిదానికి గడువు పెట్టుకోవచ్చు. రెండోదానికి గడువు పెట్టుకున్నవాళ్లు సాధారణంగా ఏడో నెలలో స్వింగ్ మొత్తం మార్చేసి, తొమ్మిదో నెలకు ఉన్న ఆట కూడా పోగొట్టుకుంటారు.

కాబట్టి డబుల్ బోగీలతో మొదలుపెడదాం. పార్ 4 హోలులో టీ షాట్ (హోలు మొదలయ్యే చోటైన టీ నుంచి కొట్టే మొదటి షాట్) హద్దు దాటినా, వెతకడానికి నిబంధనలు ఇచ్చిన మూడు నిమిషాల్లో బంతి దొరక్కపోయినా, ఒక స్ట్రోక్ జరిమానాతో మళ్లీ టీ నుంచే కొట్టాలి. అప్పుడు మీరు కొట్టేది మూడో స్ట్రోక్. ఆ తర్వాత ఒక్క తప్పూ చేయకుండా నాలుగో స్ట్రోక్‌తో గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) చేరి, రెండు పట్‌లలో (బంతిని గుంత వైపు దొర్లించే స్ట్రోకుల్లో) ముగించినా ఆరు, అంటే డబుల్ బోగీ. అదే టీ షాట్ హద్దులోపల చెట్ల మధ్య పడితే, రెండో స్ట్రోక్‌తో పక్కకు ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య కత్తిరించిన గడ్డి దారి) మీదికి తెచ్చి, మూడో స్ట్రోక్‌తో గ్రీన్ చేరి, రెండు పట్‌లలో ముగిస్తే ఐదే. చెట్ల సందులోంచి గ్రీన్ కనబడుతోంది కదా అని నేరుగా కొట్టడానికి ఐరన్ క్లబ్ తీసినవాళ్లకు ఆరు, ఏడు ఎందుకు వస్తున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

వచ్చే కొన్ని రౌండ్ల తర్వాత ఒక పని చేయండి. ఇంటికి వెళ్లాక కాదు, కార్డు మీద సంతకం అయిన వెంటనే ప్రతి డబుల్ బోగీ పక్కన దానికి మూలమైన స్ట్రోక్ ఏదో రాయండి. మూలం సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటిగా ఉంటుంది: జరిమానా స్ట్రోక్, ఇబ్బందిలోంచి మొదటి ప్రయత్నంలో బయటపడలేకపోవడం, గ్రీన్ పక్కనుంచి చిప్ చేసినా (చిన్న షాట్ కొట్టినా) బంతి గ్రీన్ మీదికి చేరకపోవడం, మూడు పట్‌లు. వీటిలో ఏది ఎక్కువసార్లు వస్తే మీ ప్రాక్టీసు సమయం దానికే చెందాలి. గ్రీన్ పక్కనుంచి మీకిప్పుడు కావాల్సింది జెండా పక్కన ఆగే వెడ్జ్ షాట్ కాదు, గ్రీన్ మీద ఎక్కడో ఒకచోట తప్పకుండా ఆగే షాట్. పటింగ్‌లోనూ అంతే. ఎనిమిది అడుగుల దూరం నుంచి పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీల) ఆటగాళ్లే దాదాపు సగం పట్‌లు మాత్రమే వేయగలుగుతున్నప్పుడు, ముప్పై అడుగుల పట్ హోలులో పడలేదని బాధపడటం వృథా. మూడో పట్‌కు కారణం ఎక్కువగా దిశ కాదు, దూరం అంచనా తప్పడం. కాబట్టి దూరపు పట్‌ను హోలుకు మూడడుగుల లోపు ఆపడమే మీ సాధన కావాలి.

మధ్యలో ఒక మాట. నిబంధనల్లో నెట్ డబుల్ బోగీ అనే పరిమితి ఉంది. హ్యాండిక్యాప్ కోసం ఏ హోలులోనైనా మీ పేర నమోదయ్యే గరిష్ఠ స్కోరు పార్‌కు రెండు కలిపి, ఆ హోలులో మీకు లభించే హ్యాండిక్యాప్ స్ట్రోకులు కూడా కలిపితే వచ్చేదే. మీ కోర్సులో మీ కోర్స్ హ్యాండిక్యాప్ (ఆ కోర్సులో మొత్తం మీకు లభించే అదనపు స్ట్రోకులు) ఇప్పుడు 24 కాబట్టి, మీకు ఒక స్ట్రోక్ లభించే పార్ 4లో తొమ్మిది కొట్టినా ఏడుగానే నమోదవుతుంది. అంటే అప్పుడప్పుడు జరిగే ఘోరాలను ఈ విధానం ముందే క్షమిస్తోంది. మిమ్మల్ని 22 దగ్గర నిలబెడుతున్నవి రోజూ జరిగే ఆరులు, ఏడులే. ఇండెక్స్ తగ్గేకొద్దీ ఆ క్షమ కూడా తగ్గుతుంది. కోర్స్ హ్యాండిక్యాప్ 9కి చేరితే సగం హోల్స్‌లో డబుల్ బోగీయే గరిష్ఠం.

ఇక డ్రైవర్ సంగతి. ఎడమ పక్కంతా నీరు, కుడి పక్క హద్దు ఉన్న ఇరుకు హోలులో డ్రైవర్ బదులు బంతి కచ్చితంగా ఆటలో ఉండే క్లబ్ తీయడం వివేకమే. అయితే భయంతో ప్రతి టీ మీదా ఐదో నంబరు ఐరన్ పట్టుకుంటే ప్రతి రెండో షాటూ రెండు వందల గజాలదవుతుంది. అప్పుడు జరిమానాలు తగ్గినా పార్‌లు శాశ్వతంగా దూరమవుతాయి. డ్రైవర్‌ను పక్కన పెట్టకుండా, అది ఎంత వెడల్పులో చెదురుతుందో తెలుసుకుని, ఆ వెడల్పు మొత్తం సురక్షితమైన చోట పడేలా గురి పెట్టుకోవాలి. మీ టీ షాట్లు ఎక్కువగా కుడికి వంగేవైతే ఫెయిర్‌వే మధ్యకు గురిపెట్టడమే తప్పు. కొత్త డ్రైవర్ కొనే ఆలోచన వాయిదా వేసుకోండి. పాతది మరీ మీ శరీరానికి సరిపోనిదైతే తప్ప, అది తగ్గించే స్ట్రోకులు మీ కార్డులో నాకు కనిపించడం లేదు.

రెండో దశలోని ఆరు స్ట్రోకులకు కోచ్ అవసరం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ లక్షల షాట్లను విశ్లేషించి, మెరుగైన ఆటగాడికీ అంతకంటే తక్కువ స్థాయి ఆటగాడికీ మధ్య స్కోరు తేడాలో సుమారు మూడింట రెండు వంతులు వంద గజాల అవతలి నుంచి కొట్టే షాట్ల వల్లనే వస్తోందని చూపారు. పటింగ్‌తోనే ఆట గెలుస్తామనే పాత నమ్మకాన్ని ఆ లెక్కలు బాగా కదిలించాయి. మూడు పార్‌లు తొమ్మిది కావాలంటే గ్రీన్‌ను రెండో స్ట్రోక్‌తో చేరే సందర్భాలు పెరగాలి, అంటే ఐరన్ షాట్లు బాగుపడాలి. బంతి తర్వాత నేలను తాకే అలవాటు, క్లబ్ ముఖం అడ్డంగా తిరగకుండా చూసుకోవడం వంటివి అద్దం ముందు నిలబడి సొంతంగా సరిదిద్దుకోవడం కష్టం. అవి కోచ్ కళ్లతో చూడాల్సిన విషయాలు. అయితే నెలకొక కొత్త కోచ్ వద్దు. ఒక్కరినే ఎంచుకుని, ఒక్క మార్పునే తీసుకుని, అది స్థిరపడేదాకా ఆగండి. కోచ్ దగ్గరికి వెళ్లకుండానే ఇవాళ చేయగలిగిన మార్పు కూడా ఒకటుంది. గ్రీన్‌కు కొట్టేటప్పుడు జెండాకు కాకుండా గ్రీన్ మధ్యకు గురిపెట్టండి, మీ అత్యుత్తమ షాట్ దూరాన్ని కాక మామూలు షాట్ దూరాన్ని బట్టి క్లబ్ ఎంచుకోండి. ఔత్సాహికుల ఐరన్ షాట్లు ఎక్కువగా గ్రీన్‌కు ముందే ఆగిపోవడానికి కారణం ఆ ఎంపికే.

రోజూ మూడు వందల బంతులు కొట్టాలన్న మీ ఉత్సాహానికి ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాకు చెందిన డాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఫొటోగ్రాఫర్ 2010లో ఉద్యోగం మానేసి, పదివేల గంటల సాధనతో పీజీఏ టూర్ స్థాయికి చేరాలని పూనుకున్నారు. గోల్ఫ్ దాదాపు తెలియని స్థితి నుంచి కొన్నేళ్లలో 2.6 హ్యాండిక్యాప్ దాకా దిగారు, అది గొప్ప విజయం. కానీ వెన్ను దెబ్బతినడంతో అనుకున్న గంటలు పూర్తికాకముందే ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆయన పూర్తి సమయం వెచ్చించారు. మీరు ఉద్యోగం చేసుకుంటూ వారానికి రెండు రోజులు కేటాయించగలరు. రోజూ మూడు వందల బంతులు మీ ఇండెక్స్ కంటే ముందు మీ నడుమును, మోచేతిని పరీక్షిస్తాయి.

ఇండెక్స్ కదిలే తీరు కూడా తెలిసి ఉండాలి. వారానికి ఒక రౌండు ఆడేవారికి 20 కార్డులు మారడానికి దాదాపు ఐదు నెలలు పడుతుంది. ఒకటి రెండు మంచి రౌండ్లు వచ్చినా సగటులో మిగిలిన ఆరేడు పాతవే కాబట్టి సంఖ్య మెల్లగా దిగుతుంది. అందుకని మొదటి ఆరు నెలలు ఇండెక్స్ చూడకుండా, రౌండుకు ఎన్ని డబుల్ బోగీలు వచ్చాయో అదొక్కటే రాసుకోండి. ఇప్పుడు ఏడుగా ఉన్న ఆ సంఖ్య రెండుకు తగ్గిన నెలలో 9 గురించి మళ్లీ రాయండి, అప్పుడు గడువు గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: రేంజ్‌లో ఏడో నంబరు ఐరన్‌తో వరసగా ఇరవై బంతులు తిన్నగా కొడతాను. కోర్సులో అదే క్లబ్‌తో మొదటి బంతే పక్కకు పోతుంది. ఇది మానసిక బలహీనతా?

జవాబు: మీ మనసును నిందించే ముందు మీ ప్రాక్టీసు పద్ధతిని చూడాలి. ఒకే క్లబ్‌తో ఒకే గురికి కొట్టినప్పుడు పదో బంతిని సరిదిద్దేది తొమ్మిదో బంతి. కోర్సులో ఆ తొమ్మిదో బంతి ఉండదు. అక్కడ డ్రైవర్ కొట్టి, పది నిమిషాలు నడిచి, వాలు నేల మీద నిలబడి ఏడో నంబరు ఐరన్ ఒక్కసారే కొట్టాలి. 1979లో షియా, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికలు నేర్పుతూ చేసిన ప్రయోగంలో, ఒకే కదలికను వరసగా సాధన చేసినవారు సాధన సమయంలో మెరుగ్గా కనిపించారు. కదలికలను కలగలిపి సాధన చేసినవారు మాత్రం తర్వాత జరిపిన పరీక్షలో ఎక్కువ నిలబెట్టుకున్నారు. నేర్చుకునే సమయంలో సాఫీగా సాగడం నేర్చుకున్నామనడానికి రుజువు కాదన్న విషయం తర్వాతి పరిశోధనల్లోనూ పలుమార్లు కనిపించింది.

స్వింగ్‌లో కొత్త మార్పు అలవాటు చేసుకుంటున్నప్పుడు ఒకే క్లబ్‌తో పదేసి బంతులు కొట్టడంలో తప్పు లేదు. మిగిలిన బంతులను మాత్రం మీ కోర్సు హోల్స్‌ను ఊహించుకుంటూ కొట్టండి. మొదట డ్రైవర్, అది పడిన చోటును బట్టి ఐరన్, గ్రీన్ తప్పితే వెడ్జ్. ప్రతి బంతికీ వెనక్కి వెళ్లి, గురి చూసుకుని, మళ్లీ నిలబడండి. గంటకు ముప్పై బంతులకు మించి కొట్టలేరు. రేంజ్‌లో పక్కవారికి మీ ఆట అంత అందంగా కనిపించకపోవచ్చు కూడా. పటింగ్ గ్రీన్ మీద మూడు బంతులు వేసుకుని ఒకే చోటు నుంచి కొట్టే అలవాటు కూడా మానేయండి, ఒక్క బంతి చాలు.

ప్రశ్న: నా ఇండెక్స్ 16.4 ఉండగా ఒక అద్భుతమైన రౌండు ఆడాను. దాని డిఫరెన్షియల్ 8.9. మరునాడు ఇండెక్స్ నేను లెక్క వేసుకున్నదాని కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ తగ్గింది. ఇది పొరపాటా? ఇప్పుడు పోటీల్లో నాకు నష్టమే కదా?

జవాబు: పొరపాటు కాదు. అప్పటి ఇండెక్స్ కంటే 7.0 నుంచి 9.9 దాకా తక్కువగా డిఫరెన్షియల్ వస్తే దాన్ని అసాధారణ స్కోరుగా గుర్తించి, ఆ రౌండుతో సహా చివరి 20 డిఫరెన్షియళ్లలో ఒక్కోదాని నుంచి 1.0 తగ్గిస్తారు. 10.0 లేదా అంతకంటే ఎక్కువ తేడా ఉంటే 2.0 తగ్గిస్తారు. మీ తేడా 7.5 కాబట్టి ఒకటి తగ్గింది. మీ ఆట నిజంగా మారిందా, ఆ ఒక్క రోజే కలిసివచ్చిందా అన్నది వెంటనే తేలదు కనుక, మిగిలిన పోటీదారుల పక్షాన తీసుకున్న జాగ్రత్త ఇది. ఆ తగ్గింపు శాశ్వతం కాదు. తర్వాత మీరు ఇచ్చే కొత్త కార్డులకు అది వర్తించదు కాబట్టి, పాతవి జాబితాలోంచి తప్పుకునేకొద్దీ దాని ప్రభావం పోతుంది. కొన్ని వారాలు పోటీల్లో కష్టమనిపించే మాట నిజమే. అలాగని తర్వాతి మంచి కార్డును ఇవ్వకుండా దాచుకోవాలనే ఆలోచన రానీయకండి. ఆడిన ప్రతి అర్హమైన రౌండునూ నమోదు చేయాల్సిందే.