అయ్యగారిని లెక్క అడిగితే తప్పా?

ప్రశ్న: మాది చిత్తూరు. మేం వెళ్లేది ఓ స్వతంత్ర క్రైస్తవ సంఘం. మందిరం కట్టడానికి గాజులమ్మి నలభై వేలిచ్చాను. గోడలు లేచి ఆగిపోయాయి. పాస్టర్ అయ్యగారిని లెక్క అడిగితే పాటల బృందంలోంచి తీసేశారు. సంఘ పెద్దలకు చెప్పుకుంటే సాయంత్రానికి అయ్యగారి చెవిన పడింది. "అభిషిక్తుణ్ణి (దేవుడు ఎన్నుకున్నవాణ్ణి) ముట్టకూడదు" అన్నారు. అత్తమ్మ మాట్లాడడం లేదు. "రేపు నేను పోతే మట్టిచేసేదెవరు?" అని ఏడుస్తోంది.

జవాబు: అమ్మా, అత్తమ్మ ఏడుపు డబ్బు గురించి కాదు, సమాధి గురించి. ఆమె దగ్గర లెక్కల మాటెత్తకండి. "నిన్ను అనాథలా వదలం" అని కొడుకు నోటితో చెప్పించండి. మీ ఉత్తరంలో మీవారి ఊసే లేదు, గమనించారా?

ఇక అభిషిక్తుడి మాట. బైబిల్లో, తనను చంపాలని తరుముతున్న అభిషిక్త రాజు సౌలు గుహలో చేతికి చిక్కినా దావీదు చంపలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికొచ్చి, సౌలు వస్త్రం నుంచి కోసిన చెంగు చేత్తో పట్టుకుని, అందరూ వినేలా నిలదీశాడు. సంఘ పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని శిష్యుడు తిమోతికి అపొస్తలుడు పౌలు రాశాడు. అంటే ఫిర్యాదు చేయొచ్చనేగా! మీ చెంగు ఆ కానుక రసీదే. మీలాగే ఇచ్చినవాళ్లు ఇంకో ఇద్దరిని కలుపుకోండి.

ఆ పెద్దలను నియమించిందెవరు? అయ్యగారే అయితే, వాళ్లకు చెప్పడమంటే ఆయనకు చెప్పడమే. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లోనో కేథలిక్ సంఘంలోనో అయితే పైన బిషప్ ఉంటారు. కేథలిక్ బిషప్‌ల మీద వచ్చే కొన్ని రకాల ఫిర్యాదులకు కూడా పోప్ ఫ్రాన్సిస్ 2019లో పద్ధతి పెట్టారు. మీ సంఘానికి పైన మనిషి లేరు, కాగితం ఉండొచ్చు. సొసైటీగా రిజిస్టరైందేమో కనుక్కుని బైలా (నియమావళి) నకలు తీసుకోండి. సొసైటీ అయితే, కమిటీతో వివాదాన్ని 2001 నాటి సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు తీసుకెళ్లొచ్చు. మహిళలకు న్యాయ సహాయం ఉచితం, 15100కి ఫోన్ చేయండి. అయితే కోర్టు చివరి మెట్టు.

ముందు కమిటీకి ఒక పేజీ ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. "వసూలెంత, ఖర్చెంత చూపండి" అనే రాయండి. "తినేశారు" అని రాయొద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు, పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇది డబ్బు సంగతి కాబట్టి ఇంత నెమ్మదిగా చెబుతున్నాను. పిల్లల మీద చెయ్యేసిన విషయమైతే సంఘం మెట్లెక్కే పనే లేదు, నేరుగా పోలీసులకే. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడమే నేరం.

పోస్టు చేసేముందు ఆ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించండి. బయటివాళ్ల నోట వింటే ఆమె ఇంకా దూరమవుతుంది.