గాజు ఊదే పనితో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా అబ్బాయి అనంతపురంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. ల్యాబ్ పరికరాలు చేసే గ్లాస్ బ్లోయింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. చదువు మానేస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఇందులో ఉద్యోగాలుంటాయా సార్?

జవాబు: డిగ్రీ మాత్రం మాననివ్వకండమ్మా. అలాగని అబ్బాయి కోరికను కొట్టిపారేయకండి. మామూలు ఫ్లాస్కులు, బీకర్లు ఫ్యాక్టరీల నుంచే వస్తాయి. పరిశోధన చేసేవాళ్లకు మాత్రం కేటలాగులో దొరకని పరికరాలు కావాలి. ఇక్కడో మూతి, అక్కడో స్టాప్‌కాక్ (చిన్న గాజు కుళాయి), మధ్యలో వ్యాక్యూమ్‌కి ఇంకో గొట్టం. ఆవిరిని చల్లార్చే ఖరీదైన కండెన్సర్ కొస విరిగితే అతికించేవాళ్లూ కావాలి. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్సీ లాంటి చోట్ల గ్లాస్ బ్లోయింగ్ విభాగం ఉన్నది అందుకే. కానీ అలాంటి పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ పని ల్యాబ్ గాజుసామాను చేసే ప్రైవేటు యూనిట్లలోనే దొరుకుతుంది.

పని ఎలాంటిదో మీరూ తెలుసుకోండి. వాడేది వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు. 820 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మలచాలంటే ఇంకా వేడి కావాలి. అందుకే గ్యాస్‌కు ఆక్సిజన్ కలిపిన మంట. మంటలో గొట్టాన్ని రెండు చేతులతో ఒకే వేగంతో తిప్పుతూనే ఉండాలి. ఒక చెయ్యి వెనకబడితే మెలిపడుతుంది, తిప్పడం ఆపితే కిందికి జారుతుంది. గాజులోని సోడియం పసుపు వెలుగుకు అతుకు కనపడదు కాబట్టి ఆ వెలుగును ఆపే డిడీమియం కళ్లద్దాలు పెట్టుకుంటారు. అతుకు కుదిరినా అయిపోలేదు. సుమారు 560 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి మెల్లగా చల్లార్చకపోతే లోపలి ఒత్తిడికి బల్ల మీదే పగలొచ్చు. పైగా వేడి గాజు, చల్లని గాజు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. వేళ్లు కాలడం ఈ పనిలో మామూలే.

పూసలు, బొమ్మలు చేసే కళ వైపు వెళ్లాలంటే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీలో సిరామిక్, గ్లాస్ డిజైన్ కోర్సు ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. సొంతంగా చేస్తే, చేతి నైపుణ్యం కన్నా అమ్ముకునే నేర్పే తిండి పెడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో చేతి గాజులు చేసే పని వేరే దారి. అది సోడా గాజు, వేడికి ల్యాబ్ గాజుకు దాదాపు మూడింతలు వ్యాకోచిస్తుంది. ల్యాబ్ గాజుతో అతికిస్తే చల్లారేటప్పుడే విరుగుతుంది.

అమెరికాలో న్యూజెర్సీలోని సేలం కమ్యూనిటీ కాలేజీలో దీనికి డిగ్రీ కోర్సే ఉంది. మన దగ్గర ఎక్కువగా గురువు పక్కన కూర్చునే నేర్చుకుంటారు. ఈ వేసవి సెలవుల్లో బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఒక యూనిట్‌లో నెల రోజులు కూర్చోబెట్టండి. జీతం అడగొద్దు. మొదటి వారం గొట్టం తిప్పడంతోనే సరిపోతుంది, విసుగు పుట్టకపోతే మూడో ఏడాది సెలవుల్లోనూ పంపండి. కెమిస్ట్రీ చదవడం అక్కడ అక్కరకొస్తుంది. ప్రొఫెసర్ కాగితం మీద గీసిచ్చిన వంకర బొమ్మ చూసి, ఏ గొట్టంలోంచి ఏ ఆవిరి పోతుందో అర్థం చేసుకునే పనివాడికి గిరాకీ ఉంటుంది.

సర్టిఫికెట్ ఇస్తామంటూ ఎవరైనా పెద్ద ఫీజు అడిగితే, ముందు మీ అబ్బాయి ఎదురుగా ఒక టీ జాయింట్ (గొట్టం మధ్యలో ఇంకో గొట్టం అడ్డంగా అతికించడం) వేసి చూపించమనండి.