ఒడియా చదవడం రాకపోతే సర్పంచ్‌గా నిలబడొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ బ్లాక్‌లో ఒక ఊరు. నా పుట్టిల్లు సరిహద్దుకు ఇవతల ఆంధ్రలోని పాతపట్నం. ఒడియా బాగానే మాట్లాడతాను, చదవడం రాయడం రాదు. తెలుగులో పదో తరగతి పాసయ్యాను. ఈసారి మా పంచాయతీ సర్పంచ్ పదవి జనరల్ మహిళకు వస్తుందంటున్నారు. "ఒడియా వచ్చని సంతకం పెట్టేయి, ఎవరూ అడగరు" అంటున్నారు మా అత్తింటివాళ్లు. పెట్టొచ్చా? మాకు ఇద్దరు పిల్లలు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆ సంతకం మాత్రం పెట్టకండి.

ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం 1964లోనిది. సర్పంచ్‌గా పోటీ చేసేవారికి ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలని దాని సెక్షన్ 11 చెబుతోంది. మాట్లాడటం వస్తే చాలదు. మీ పదో తరగతి సర్టిఫికెట్ కూడా ఇక్కడ అక్కరకు రాదు.

ఎవరూ అడగరన్నది సగమే నిజం. నామినేషన్ రోజు హడావుడిలో అడగకపోవచ్చు. కానీ మీ చేతిలో ఓడిపోయినవాళ్లు అడుగుతారు. ఎన్నిక చెల్లదని కోర్టుకు వెళ్తారు, లేదా అనర్హురాలని కలెక్టర్‌కు ఫిర్యాదు చేస్తారు. అప్పుడు ఒక ఒడియా కాగితం చేతికిచ్చి చదవమంటే ఏం చేస్తారు? పదవి పోవడం ఒక ఎత్తు, తప్పుడు డిక్లరేషన్ ఇచ్చారన్న కేసు ఇంకో ఎత్తు.

ఈ నిబంధన నాకూ నచ్చదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఇటే ఉండిపోయారు. ఊరి మంచీచెడ్డా తెలిసిన మనిషిని, జనం కోరుకుంటున్న మనిషిని, లిపి రాదని పక్కన పెట్టడం అన్యాయం. అయినా కోర్టులో దీన్ని కొట్టేయించగలమని మీకు ఆశ పెట్టలేను. పంచాయతీ అభ్యర్థులకు చదువు అర్హత పెట్టిన హర్యానా చట్టాన్ని సుప్రీంకోర్టు 2015లో రాజ్‌బాల కేసులో సమర్థించింది. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం మన బాధను ప్రభుత్వానికి తెలుగులో అర్జీ పెట్టుకోవచ్చు. పోటీకి అర్హత మాత్రం దానితో రాదు.

కాబట్టి ఒడియా నేర్చుకోండి. చట్టం మిమ్మల్ని పరీక్ష పాసవమనలేదు, చదవడం రాయడమే అడిగింది. భాష ఎలాగూ వచ్చు. అక్షరమాల వరస కూడా మనదే, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. కొత్తది లిపి ఒక్కటే. పిల్లల ఒకటో తరగతి పుస్తకంతో మొదలుపెట్టి, తర్వాత పంచాయతీ నోటీసులు, పల్లీ సభ (ఊరి ఓటర్ల సభ) తీర్మానాలు చదవండి. తీర్మానాల పుస్తకంలో ఒడియాలో ఏం రాశారో తెలియకుండా కింద సంతకాలు పెట్టే సర్పంచ్‌లు ఉన్నారు. బిల్లు తేడా వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది సంతకం పెట్టిన మనిషే. మీవారో, పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరో చదివి చెబుతారని ఆ కుర్చీలో కూర్చోవద్దు. గత ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, పదవీకాలం అయిదేళ్లు. ఆలస్యం చేయకండి.

మీరు అడగకపోయినా పిల్లల సంగతి చెప్పాలి. ఇద్దరికి మించి సంతానం ఉంటే అనర్హులన్న నిబంధన ఒడిశా చట్టంలో ఉంది. ఆంధ్రలో దాన్ని 2024లో తీసేశారని విని ఇక్కడా లేదనుకోవద్దు. మూడో బిడ్డను దత్తతిచ్చేసినా లాభం లేదని నువాపడా జిల్లా సర్పంచ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. నామినేషన్ నాటికి ఈ నిబంధనలు ఎలా ఉన్నాయో బ్లాక్ ఆఫీసులో అడిగి చూసుకోండి.

సీటు బీసీ మహిళకు మారితే మీ పుట్టింటి ఆంధ్ర కుల సర్టిఫికెట్‌ను నమ్ముకోవద్దు. ఒక రాష్ట్రంలోని కుల హోదా పెళ్లి చేసుకుని వచ్చినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో చెల్లదు. జనరల్ మహిళ సీటుకైతే ఆ చిక్కు లేదు.

అన్నిటికంటే ముందు ఓటు చూసుకోండి. పాతపట్నంలో మీ పేరు ఇంకా ఉందా? రెండుచోట్ల ఓటరుగా ఉండటం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టానికి విరుద్ధం. సరిహద్దు ఊళ్లలో ప్రత్యర్థులు మొదట తవ్వేది ఇదే. రెండుచోట్లా పేరుంటే అక్కడిది తీసేయమని ఫారం 7 ఇవ్వండి. అక్కడ మాత్రమే ఉంటే ఫారం 8తో ఇటు మార్పించుకోండి. ఏది ఇచ్చినా రసీదు దాచుకోండి.