తొడకి కూడా స్కానింగా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 68 ఏండ్లు. నిమోనియాతో పన్నెండు రోజులు ఐసీయూల ఉండి ఇంటికొచ్చిండు, మంచిగనే మాట్లాడుతుండు గానీ కుర్చీలకెల్లి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టాలె, తొడలు సన్న కట్టెల లెక్క అయినయ్. ఫిజియోథెరపీ ఆయన తొడకి అల్ట్రాసౌండ్ తీపియ్యమంటుండు. అది కడుపుతోని ఉన్నోళ్లకు, కిడ్నీల రాళ్లకు తీసేది కదా? అండ్ల బలం ఎట్ల కనిపిస్తది? పైసల కోసం కాదు కదా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అనుమానం రావడం సహజమే అమ్మా, కానీ ఆయన చెప్పింది తప్పేం కాదు. మెషిన్ అదే, ప్రోబ్ వేరు. కడుపు మీద పెట్టేది వంపుగా ఉంటుంది, కండకి వాడేది మొహం తిన్నగా ఉండే లీనియర్ ప్రోబ్. తుంటికీ మోకాలిచిప్పకీ మధ్య టేపుతో కొలిచి, పెన్నుతో గుర్తుపెట్టి, అక్కడ జెల్ రాసి చూస్తారు. స్క్రీన్ మీద పైన చర్మం, కొవ్వు, దాని కింద నల్లటి పట్టీలాగా కండ, అట్టడుగున తెల్లగా మెరిసే గీత తొడ ఎముక. మంచి కండ నల్లగా ఉండి మధ్యమధ్య సన్నటి తెల్ల గీతలు కనపడతాయి, కొవ్వూ నారా చేరేకొద్దీ అది తెల్లబడిపోతుంది, మరీ ముదిరితే కింద ఎముక గీత కూడా మసకేస్తుంది. అందుకే మందం ఒక్కటే చూస్తే చాలదు, రంగు కూడా చూడాలి.

ఇక బలం సంగతి. 1968లోనే జపాన్‌లో ఇకాయ్, ఫుకునాగా అనే ఇద్దరు చేతి కండని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, కండని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకి సగటున 6.3 కిలోల బలం అని లెక్కగట్టారు, ఆడామగా తేడా పెద్దగా లేదు. అంటే కండ ఎంత ఉంటే బలం సుమారు అంత, సుమారు మాత్రమే సుమా, నరం సరిగ్గా ఆర్డరు వెయ్యకపోతే ఎంత కండ ఉన్నా లేవలేరు. ఐసీయూ వాళ్ల మీద లండన్ డాక్టర్లు 2013లో ఇదే స్కాన్‌తో చూస్తే పది రోజుల్లోనే తొడ ముందు కండ సగటున 17.7 శాతం తరిగిపోయింది. మీ నాన్నగారి తొడలకి జరిగింది అదే అయ్యుంటుంది.

అయితే ఒక్కసారి తీసి ఫైల్లో పెట్టేస్తే మాత్రం డబ్బు దండగే. ఇప్పుడొకటి, ఎక్సర్‌సైజులు చేశాక నెలా నెలన్నరకి ఇంకోటి, వీలైతే అదే మనిషి చేత. ఎందుకంటే ప్రోబ్ గట్టిగా నొక్కితే కండ పల్చగా కనిపిస్తుంది, మొదటిసారి నొక్కి రెండోసారి నొక్కకపోతే కాగితం మీద కండ పెరిగిపోతుంది! మెషిన్ ఇంటికి తెస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, 1994 చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన చోటే తియ్యాలి, ‘లింగ నిర్ధారణ చేయబడదు’ బోర్డు ఉంటుందే, ఆ చట్టమే, తొడ చూసినా సరే.

స్కాన్‌తో పాటు ఇంట్లో పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, 12 సెకన్లు దాటితే కాళ్లల్లో సత్తువ తగ్గినట్టు లెక్క. ఇప్పుడైతే ఆయన చెయ్యలేరు కాబట్టి తొందరపెట్టకండి, చెయ్యి పట్టుకోకుండా లేవగలిగాక మొదలుపెట్టండి, పక్కన ఒకరు నిలబడండి. ఇంకోటి, పెన్ను గుర్తు స్నానానికే పోతుంది, మోకాలిచిప్ప నుంచి ఎన్ని సెంటీమీటర్ల పైన కొలిచారో రిపోర్టులో రాయించుకోండి.