పెరట్లో జింకలు: పిలవాలా, తరమాలా?

గుణుపురం నుంచి అమెరికా వచ్చి మా రోచెస్టర్ శివారులోనే ఇల్లు కొనుక్కున్న ఒక చెల్లెమ్మ, జింకలు రోజూ పెరట్లోకి రావాలంటే ఏ మొక్కలు వేయాలని అడిగారు. అదే ఉత్తరం చివర, అవి రాకుండా ఇంట్లో చేసుకోదగిన మందేదైనా ఉంటే చెప్పమని తమ భర్త అడుగుతున్నారని కూడా రాశారు. ఆ రెండు పనులూ ఒకదాని తర్వాత ఒకటి చేసి, రెండింటిలోనూ భంగపడినవాణ్ని కనుక ఇద్దరికీ నేనే జవాబు చెప్పగలను.

మాది పర్లాకిమిడి. 1998 నవంబరులో నేనొక్కణ్నే ఇక్కడికి వచ్చాను; మా ఆవిడకు వీసా రావడానికి మరో ఏడు నెలలు పట్టింది. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి చేరితే, సోమవారం పొద్దుట దాకా నా గొంతు నాకే వినిపించేది కాదు. మీకిప్పుడు అమ్మ ఫోనులో కనబడుతూ మాట్లాడుతుంది. మాకు ఫోను కార్డు మీద నిమిషాలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోయేది. అలాంటి ఒక సాయంత్రం వంటింటి కిటికీ అవతల మంచులో మూడు జింకలు నిలబడి నా వైపు చూస్తుంటే, ఊళ్లో ఆవుకు పెట్టినట్టే, మిగిలిన అన్నం పళ్లెంలో పెట్టి బయట ఉంచాను. ఆ వారాంతంలోనే మొక్కజొన్న గింజల బస్తా కొన్నాను. సంక్రాంతి నాటికి పదకొండు రావడం మొదలుపెట్టాయి, వాటికి నేను మా మేనత్తల పేర్లు కూడా పెట్టుకున్నాను.

అది ఎంత తెలివితక్కువ పనో పక్కింటి పెద్దాయన వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. చలికాలంలో జింక పొట్ట ఎండుకొమ్మలనూ మొగ్గలనూ అరిగించుకోవడానికి సర్దుకుని ఉంటుంది. ఉన్నట్టుండి గింజలు ఎక్కువగా తింటే కడుపులో ఆమ్లం పెరిగి, రోజుల వ్యవధిలో చచ్చిపోవచ్చు. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. పైగా న్యూయార్క్ రాష్ట్రంలో అడవి జింకలకు మేత పెట్టడం నిషిద్ధం. ఆ నిబంధనల వివరాలు మీరే చూసుకోగలరు. వసంతం రాగానే నా అతిథులు ఇంటి యజమాని హోస్టా మొక్కలనూ గులాబీలనూ కాడలు మాత్రమే మిగిల్చి తినేశాయి. ఆయన నా అడ్వాన్సులో కోత వేశారు. అది నాకు ఇప్పటికీ అన్యాయమనే అనిపిస్తుంది.

జూన్‌లో మా ఆవిడ చిక్కుడు గింజలూ గోంగూర గింజలూ కొంగున కట్టుకుని వచ్చినంత భద్రంగా తెచ్చింది. చిక్కుడు తీగ మోకాలెత్తు పెరిగిన మర్నాడే మొదళ్లు మిగిలాయి. కుందేళ్లని ఆవిడ అంది. నేను వంగి చూశాను: కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు నున్నగా, ఏటవాలుగా ఉంటుంది, జింకకు పైదవడ ముందు పళ్లుండవు కనుక అది లాగి చింపుతుంది, తెగినచోట పీచు వేలాడుతుంది. ఇక్కడ ప్రతి కాడకూ పీచు వేలాడుతోంది. వాటికి ఆ దారి నేర్పింది నేనేనని మా ఆవిడకు చెప్పడానికి మరో ఏడాది పట్టింది.

అక్కడి నుంచి నా వైద్యాలు మొదలయ్యాయి. కారం కలిపిన నీళ్లు గాలికి ఎదురుగా నిలబడి చల్లి, ఆ సాయంత్రమంతా కళ్లు కడుక్కుంటూ కూర్చున్నాను. రాత్రి వాన పడి ఆకుల మీద మిగిలిందీ పోయింది. మన పల్లెల్లో అడవిపందుల కోసం చేను చుట్టూ పాత చీరలు కట్టినట్టు ఒక ఎర్రచీర కట్టాను, కాని జింక కంటికి మనకు కనబడినట్టు ఎరుపు కనబడదు. వాసన సబ్బులకు బెజ్జాలు వేసి, గుమ్మానికి గుమ్మడికాయ కట్టినట్టు కొమ్మలకు వేలాడదీశాను. ఒక్కో సబ్బు గజం దూరం కాపాడింది, అంతకు మించి లేదు. కాస్త నిలకడగా పనిచేసింది కోడిగుడ్డు ఒక్కటే. ఒక పాలు గుడ్డు సొనకు నాలుగు పాళ్ల నీళ్లు గిలక్కొట్టి, పాత పంచెగుడ్డలో వడకట్టి చల్లాలి, నెలకొకసారి మళ్లీ చల్లాలి. మనం తినే ఆకుల మీద, కాయల మీద మాత్రం చల్లకూడదు. గుడ్డు మా వంటింట్లోకి రాదు కనుక ఈ కార్యక్రమమంతా గ్యారేజీలో, మా ఆవిడ గుడికి వెళ్లినప్పుడు జరిగేది.

చెల్లెమ్మ మరో మాట కూడా రాశారు: ఒడిశాలో మన గంజాం వైపు భేట్నోయి అనే ఊళ్లో కృష్ణజింకలు పైరు మేసినా రైతులు అదిలించరని, అవి వచ్చాకే కరువు తీరి వానలు పడ్డాయని నమ్ముతారని, అందుకే తమకు తరమడానికి మనసొప్పడం లేదని. ఆ మనసు నాకు తెలియనిది కాదు. అయితే కొమ్ములు రాలని ఆ కృష్ణజింక వేరు, ఏటేటా కొమ్ములు రాల్చి మళ్లీ మొలిపించుకునే ఇక్కడి తెల్లతోక దుప్పి వేరు. అక్కడ ఊరూరంతా కలిసి కాపాడుతోంది. ఇక్కడ మీరొక్కరే పిలిస్తే పక్కవాళ్ల తోట పోతుంది. వాటి ఒంటి మీద పిడుదులు వస్తాయి, పిడుదుల వల్ల లైమ్ జబ్బు వస్తుంది, కాబట్టి గడ్డిలో తిరిగి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక తప్పక చూడండి.

ఇవన్నీ అటుంచి, అసలు మీరు జింకలను ఎందుకు పిలవాలనుకుంటున్నారో ఒకసారి ఆలోచించండి. పగలంతా ఇంట్లో ఒక్కరే ఉంటున్నామని మీరు రాసిన వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. నాకు ఈ దేశంలో మొదటి స్నేహితుడు నా జింకల మీద ఫిర్యాదు చేయడానికి వచ్చిన ఆ పక్కింటి పెద్దాయనే. సబ్బులకు బెజ్జాలు వేసే డ్రిల్లు కూడా ఆయనదే. మీరు ఫిర్యాదు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఈ వీధిలో జింకలు ఏం ముట్టవో అడగడానికని వెళ్లి రెండు ఇళ్ల తలుపులు తట్టండి. ఇక్కడివాళ్లు వాతావరణం తర్వాత ఇష్టంగా మాట్లాడేది జింకల గురించే.

మీ పెరటి వెనక ఓక్ చెట్టుంటే అక్టోబరులో రాలిన కాయల కోసం అవి ఎలాగూ వస్తాయి, కిటికీలోంచి చూడండి. ఇంటి దగ్గర మాత్రం డాఫొడిల్, లావెండర్, వెల్లుల్లి వంటివి వేయండి. వాటిని సాధారణంగా ముట్టవు. చిక్కుడు కావాలంటే ఎనిమిది అడుగుల వల తప్పదు, ఆ ఎత్తుకు మీ టౌన్‌లో అనుమతి ఉందో లేదో కనుక్కోండి. పుదీనా నారు మా ఇంట్లో ఉంది, శనివారం ఇద్దరూ వచ్చి తీసుకెళ్లండి. దాన్ని కుండీలోనే ఉంచండి. నేలలో నాటితే మూడో ఏటికి పెరడంతా అదే అవుతుంది, దానికి ఏ సబ్బూ పనిచేయదు.