ఫీజు కట్టే ముందు ఆ కేసు మళ్లీ చూడమనండి

రాజోలు దగ్గర నుంచి ఒక నాన్నగారు రాశారు. అమ్మాయి అమలాపురంలో బీజెడ్‌సీ డిగ్రీ అయిపోయింది, మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి బిల్లుల కోసం జబ్బులకీ వైద్యానికీ కోడ్‌లు వేసే పని) నేర్పి ఉద్యోగం గ్యారంటీగా ఇప్పిస్తామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అరవై వేలు అడుగుతున్నారట. డెమో క్లాసులో చిన్నపిల్లాడి కాలిన గాయం కేసు ఇస్తే, పిల్ల తికమకపడి ఇంటికొచ్చి "నావల్ల కాదు నాన్నా" అందట. కట్టాలా, వద్దా?

డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ కేసు చూద్దామండి. మూడేళ్ల బాబు మీద వేడి కాఫీ ఒలికి కుడి ముంజేయి బొబ్బలెక్కింది, డాక్టరు శుభ్రం చేసి కట్టు కట్టారు. మనకైతే ఒక్క కట్టు, ఒక్క బిల్లు. ఈ కోడింగ్ ఉద్యోగాలు ఎక్కువగా అమెరికా ఆసుపత్రుల పనే కదా, అక్కడ గాయానికో కోడు, కారణానికో కోడు, చేసిన వైద్యానికో కోడు. బొబ్బలంటే రెండో డిగ్రీ, కుడి ముంజేయి, మొదటి చికిత్స: టి22.211ఏ. వేడి పానీయం వల్ల కాబట్టి ఎక్స్10.0ఎక్స్ఎక్స్ఏ. కట్టుకి 16020, అది కూడా కాలింది ఒంట్లో 5 శాతం లోపైతేనే, 5 నుంచి 10 శాతమైతే 16025. బొబ్బల్లేకుండా ఎర్రబడి, పైపూత మందుతో సరిపోతే 16000.

తికమకంతా ఆ శాతం దగ్గరే. పెద్దవాళ్లకి తల 9 శాతం అని లెక్క, పసిపిల్లలకి తలే పెద్దది కాబట్టి దాదాపు రెట్టింపు, అందుకే పిల్లలకి వయసును బట్టి ఒంటి భాగాల శాతాలు చూపే లండ్-బ్రౌడర్ చార్టు వాడతారు. డాక్టరు శాతం రాయకపోతే కోడరు ఊహించి వెయ్యకూడదు, తిరిగి అడగాలి. మీ అమ్మాయి అక్కడే ఆగిపోయి ఉంటే అది తెలివితక్కువ కాదండి, ఈ పనికి కావలసిన అనుమానమే అది. బీజెడ్‌సీ చదివింది కాబట్టి శరీర భాగాల పేర్లు కొత్త కాదు, ఇంగ్లిష్ నోట్సు చదివే అలవాటే చేసుకోవాలి.

ఇన్‌స్టిట్యూట్‌ని మాత్రం గట్టిగా అడగండి. వాళ్ల సొంత సర్టిఫికెట్టా, లేక ఏఏపీసీ (కోడర్లకి పరీక్షలు పెట్టే అమెరికా సంస్థ) వాళ్ల సీపీసీ, అంటే సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్ పరీక్షకి తయారుచేస్తారా? అది 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి, కోడ్ పుస్తకాలు చూసి రాయొచ్చు. ఆ పరీక్ష ఫీజు అరవై వేలలో ఉందా? ఉద్యోగం కోడింగా, ఏఆర్ కాలింగా? రెండోది రావలసిన బిల్లు డబ్బుల కోసం బీమా కంపెనీలకి అమెరికా వేళల్లో ఫోన్లు, అంటే హైదరాబాద్‌లోనో చెన్నైలోనో నైట్ షిఫ్టు. గ్యారంటీ అన్నవాళ్లు కాగితం మీద రాసివ్వకపోతే ఒకేసారి కట్టొద్దు, నెలనెలా ఇస్తామనండి.