సంక్రాంతికి వరంగల్ పోతున్నారా? సకినాలు చుట్టే రోజుకే పోండి

చాలా ఏళ్లుగా పుణెలో ఉంటున్నామని, ఈ సంక్రాంతికి పిల్లల్ని తీసుకొని హన్మకొండలో అమ్మగారింటికి పోతున్నామని, నాలుగు రోజుల సెలవులో మన తిండి వాళ్లకు రుచి చూపించాలంటే ఎక్కడెక్కడ తినాలని అడిగారు. మాది పరకాల దిక్కు, ఉద్యోగం హైదరాబాద్‌లో. పండుగలకు ఊరికి పోయి రావడం నాకు అలవాటే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను అక్కా.

ముందు సెలవు సంగతి. భోగి నాడు దిగేలా టికెట్ తీసుకొని ఉంటే, వీలైతే రెండు మూడు రోజులు ముందుకు జరుపుకోండి. మన దగ్గర పిండివంటలు పండుగ నాడు చేయరు. పండుగ నాటికి సకినాలు, అరిసెలు, మురుకులు అన్నీ డబ్బాల్లోకి ఎక్కేసి ఉంటాయి. అప్పుడు పోతే మీ పిల్లలు తింటారు, అంతే. అవి ఎట్లా పుడతాయో చూడరు. చేసినవి తినాలంటే హన్మకొండలో ఏ పిండివంటల దుకాణానికి పోయినా ఏడాది పొడుగునా కిలోల లెక్కన తూచి ఇస్తారు. అందుకే అమ్మకు ఫోన్ చేసి బియ్యం ఎప్పుడు నానబోస్తున్నారో అడగండి, దాన్ని బట్టి రైలు చూసుకోండి.

సకినాలకు బియ్యం రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వంపి, బట్ట మీద ఆరబోసి, చెమ్మ పోకముందే గిర్నికి, అంటే పిండి మరకు పంపుతారు. మా ఇంట్లో ఆ పని నాదే. పండుగ ముందు గిర్ని కాడ గిన్నెలు, బకెట్లు వరుస కట్టి ఉంటాయి. తడి పిండి కాబట్టి తెచ్చిన పూటే పని మొదలుపెట్టాలి, రేపటికి ఉంచితే పులుస్తుంది. ఉప్పు, వాము, నువ్వులు వేసి నీళ్లు చల్లుకుంటూ పిసుకుతారు. నీళ్లకు కొలత లేదు. మా అమ్మ చిటికెడు పిండి తీసుకొని వేళ్ల మధ్య మెలేసి చూస్తుంది, తెగితే ఇంకిన్ని నీళ్లు చల్లుతుంది.

తర్వాత ఉతికిన పాత నూలు చీర నేల మీద పరుస్తారు. దాని చుట్టూ పెద్దమ్మ, చిన్నమ్మ, వాడకట్టు ఆడవాళ్లు కూర్చుంటారు. ఇయ్యాల మా ఇంట్లో అయితే రేపు వాళ్లింట్లో. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి మెలి తిరుగుతూ సన్నగా దిగుతుంటే ఒక చుట్టు, దాన్ని ఆనుకొని ఇంకో చుట్టు వేసుకుంటూ పోతారు. చెయ్యి ఆగదు, మాటలూ ఆగవు. ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, ఎవరి చేనుకు తెగులు వచ్చింది, ఊరి సంగతులన్నీ నాకు తెలిసేది అక్కడే. చీర తడి పీల్చుకున్నాక సకినాలను మెల్లగా లేపి కాగే నూనెలో వేస్తారు.

మీ పిల్లల్ని ఆ చీర చుట్టూ కూర్చోబెట్టండి. వాళ్లు చుట్టినవి వంకరగా వస్తాయి, అయినా మూకుట్లో వేస్తారు, ఎవరివి వాళ్లకే పెడతారు. మా ఇంట్లో కొన్నిటిని పూర్తిగా ఆరకముందే నూనెలో వేసి, మెత్తగా ఉండగానే తీసేస్తారు. పచ్చి సకినాలంటాం. వాటిని ఎల్లిపాయ కారంతో వేడివేడిగా తినాలి. చల్లారితే ఆ రుచి ఉండదు, అందుకే అవి డబ్బా దాకా రావు. సెలవు ముందుకు జరపడానికి నాకైతే ఈ ఒక్కటే చాలు.

ఆ రోజు కొంచెం పిండి పక్కకు తీయమని అమ్మకు చెప్పండి. రాత్రికి సర్వపిండి అవుతుంది. నానబెట్టిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లాకు, కారం వేసి పిండి కలిపి, నూనె రాసిన సర్వ, అంటే లోతు గిన్నె లోపల అడుగుకూ అంచులకూ పలచగా అద్దుతారు. వేలితో అక్కడక్కడ బొక్కలు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె పోసి, మూత పెట్టి సన్నని మంట మీద ఉంచుతారు. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి. ఒకటి తీశాక సర్వ చల్లారితే గానీ రెండోది పెట్టరాదు, వేడి గిన్నెకు పిండి అద్దుదామంటే చేతులు కాలతాయి. మేము పొయ్యి చుట్టూ పళ్లేలు పట్టుకొని నిలబడితే అమ్మ అంటుంది: "ఆగుండ్రి బిడ్డా, సర్వ సల్లారనియ్యుండ్రి." ఇంట్లో రెండు సర్వలుంటే ముందే బయట పెట్టించండి. హోటల్లో పెనం మీద చేసి ఇచ్చేది తినవచ్చు గానీ, సర్వ అంచుల దగ్గర పలచగా కాలిన ముక్క అందులో ఉండదు. మా ఇంట్లో కొట్లాట దాని కోసమే.

పిండివంటలతో మొహం మొత్తినప్పుడు ఒక పూట పెసరపప్పు కిచిడి, పచ్చిపులుసు చేయించుకోండి. చింతపండు రసం కాచకుండా, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ చేత్తో నలిపి, వేయించిన నువ్వుల పొడి కలిపితే అయిపోయే పని. మీ వాళ్లకు పొలం ఉంటే పిల్లల్ని తోలుకుపోయి కందికాయలు తెంపించండి, ఉప్పేసి ఉడకబెడితే సాయంత్రం దాకా ఒలుచుకుంటూ కూర్చుంటారు. కనుమ నాడు మాంసం ఎట్లాగూ ఉంటుంది, బగారన్నంతో తినండి.

పుణెలో పెరిగిన పిల్లలు కదా, మన కారం తట్టుకోలేకపోవచ్చు. దానికి ఊళ్లోనే ఉపాయం ఉంది. వరంగల్ చపాటా మిర్చి రంగు బాగా ఎరుపు, ఘాటు తక్కువ. పొట్టిగా లావుగా ఉంటుంది కాబట్టి టమాట మిర్చి అని కూడా అంటారు. 2025లో దానికి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు పంటగా గుర్తింపు వచ్చింది. పిల్లల కూరల్లో ఆ కారం వేయమనండి, మీరు పోయేటప్పుడు కూడా కొంత గిర్నిలో కారం పట్టించి తీసుకుపోండి.

హోటళ్ల పేర్లు అడిగారు గానీ నేను చెప్పను. నాలుగు రోజుల్లో ఒక్క పూట కూడా బయట తినకండి. వేయి స్తంభాల గుడికి, భద్రకాళి చెరువుకు, కోటకు పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి ఇల్లు చేరుకోవచ్చు. రామప్ప గుడి కాస్త దూరం, పొద్దున్నే బయలుదేరితే సద్ది కట్టుకొని పోండి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. ఆ ఏడాదైతే సంక్రాంతి నాటికే ములుగు రోడ్డు మీద రద్దీ మొదలవుతుంది, చూసుకొని కదలండి.

జనవరిలో సెలవు జరపడం కుదరకపోతే వచ్చే దసరాకు పెట్టుకోండి. సద్దుల బతుకమ్మ నాడు పెరుగన్నం, పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం, నిమ్మకాయ అన్నం, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఇవన్నీ ఆ ఒక్క పూటే. పూలు తెంపుకొచ్చి పేర్చే పని కూడా పిల్లలకు దొరుకుతుంది.

తిరిగి పోయేటప్పుడు సకినాలను సంచిలో వేయకండి, సగం పొడి అవుతాయి. వేడి పూర్తిగా పోయాక, వెడల్పు మూతి ఉన్న స్టీలు డబ్బాలో అడుగున కాగితం వేసి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైన ఖాళీ లేకుండా ఇంకో కాగితం కుక్కండి. మా అక్క ముంబైకి అట్లనే తీసుకుపోతుంది. అరిసెలు వేరే డబ్బాలో పెట్టండి, వాటి మెత్తదనం తగిలితే సకినాలు సాగుతాయి. రైల్లో డబ్బాను సీటు కింద కాకుండా పిల్లలకు అందేంత దగ్గర్లో ఉంచండి, సికింద్రాబాద్ దాటకముందే అడుగుతారు.